పాత ట్రాక్టర్ లిఫ్ట్‌లో 90 పొయ్యాలా, 68 పొయ్యాలా, అసలు అడగాల్సింది అదేనా?

బెంగళూరు జేసీ రోడ్డులో ఆయిల్ షాపుకెళ్ళి "పాత ట్రాక్టర్‌కి లిఫ్ట్ ఆయిల్ కావాలి" (వెనక నాగలినీ కల్టివేటర్నీ ఆయిల్ ఒత్తిడితో పైకెత్తే భాగమే లిఫ్ట్) అంటే కౌంటర్ అవతల నుంచి సాధారణంగా వచ్చే మొదటి ప్రశ్న "బకెట్టా, లూజా?" అని. ఏ ట్రాక్టరు, ఏ సంవత్సరంది, గేర్ బాక్సూ లిఫ్టూ ఒకే ఆయిల్లో ఉన్నాయా విడివిడిగా ఉన్నాయా, బ్రేకులు ఆయిల్లో మునిగుంటాయా లేదా, ఇవి ఎవరూ అడగరు, అడిగినా కొనడానికొచ్చిన మనిషికి చాలాసార్లు తెలీదు. హిందూపురం, మదనపల్లె, చింతామణి వైపు నుంచి తాతలనాటి ట్రాక్టర్‌ని లారీ మీద ఎక్కించి తెచ్చుకుని, దేవనహళ్ళి దగ్గరో దొడ్డబళ్ళాపురం దగ్గరో తోటలో పెట్టుకుని, రంగు కొట్టించి, సీటు కుట్టించి, స్టిక్కర్లు కూడా పాత డిజైన్‌లోనే వేయించుకునే తెలుగువాళ్ళు బెంగళూరులో తక్కువేం లేరు. రంగు విషయంలో అంత పట్టుదలగా ఉండే మనిషి కూడా ఆయిల్ దగ్గరికొచ్చేసరికి ఎవరేం చెప్తే అది పోసేస్తాడు. ఊళ్ళో మెకానిక్ 90 నంబరు గేర్ ఆయిల్ పొయ్యమంటాడు, సిటీలో హైడ్రాలిక్ పని చేసేవాడు 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ అంటాడు, వీడియోలు చూసిన అల్లుడేమో ట్రాక్టర్ల కోసమే వచ్చే యూటీటీఓ అనే ఆయిల్ అంటాడు. గమ్మత్తేంటంటే ముగ్గురూ ఏదో ఒక ట్రాక్టర్‌కి కరెక్టే చెప్తున్నారు, కాకపోతే మన ముందున్నది ఆ ట్రాక్టరేనా అన్నదే తేలాలి.

కాబట్టి ఆయిల్ పేరు కంటే ముందు హౌసింగ్ లోపల, అంటే ఆయిల్ పోసే ఆ ఇనుప పెట్టె లోపల, ఏముందో తెలుసుకోవాలి. పోసిన ఆయిల్ ఏయే పార్టులకి తగులుతుంది అన్నదొక్కటి తెలిస్తే మిగతా వాదనలు సగం అక్కడే తెగిపోతాయి.

ఫెర్గూసన్ టీఈ20తో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ ఊళ్ళో స్టాండర్డ్ మోటార్ కంపెనీ వాళ్ళ బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో 1946 నుంచి 1956 దాకా 5 లక్షలకి పైగా తయారైన బూడిద రంగు చిన్న ట్రాక్టర్ ఇది. దాని తర్వాత ఎఫ్‌ఈ35 వచ్చింది, అదే మాసీ ఫెర్గూసన్ 35 అయింది, ఆ కుటుంబం నుంచే చెన్నైలో 1960లో మొదలైన టాఫే వాళ్ళ 1035 వచ్చింది, అంటే మన పొలాల్లో తిరిగిన ఎర్ర మాసీలకి ఇది తాత లెక్క. ఈ డిజైన్‌లో గేర్ బాక్సు, వెనక క్రౌన్ పినియన్ (తిప్పుడుని వెనక చక్రాలకి మళ్ళించే గేర్ జత), లిఫ్ట్ పంపు, లిఫ్ట్ సిలిండరు, అన్నీ ఒకే ఆయిల్ మీద బతుకుతాయి. పంపు బయట ఎక్కడో ఇంజిన్ పక్కన ఉండదు, మధ్య హౌసింగ్ అడుగున ఆయిల్లో మునిగి ఉంటుంది, పీటీఓ షాఫ్ట్ (వెనక తగిలించిన పనిముట్లని తిప్పే షాఫ్ట్) మీద నుంచే తిరుగుతుంది. అందుకే టీఈ20లో క్లచ్ తొక్కితే లిఫ్ట్ కూడా ఆగిపోతుంది, అది రిపేరు కాదు, డిజైనే అంత, అయినా లిఫ్ట్ పాడైపోయిందని పంపు విప్పించినవాళ్ళు ఉంటారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, ఆయిల్ ఎంపికకి అసలు కీలకం అదే. మామూలు హైడ్రాలిక్‌లో పంపు ఎప్పుడూ ఆయిల్ తోస్తూనే ఉంటుంది, వాల్వ్ దాన్ని ఎటు పంపాలో చూసుకుంటుంది. ఫెర్గూసన్ పద్ధతిలో కంట్రోల్ వాల్వ్ పంపు పీల్చుకునే వైపు ఉంటుంది. లివర్ లేపితే వాల్వ్ తెరుచుకుంటుంది, అప్పుడే పంపుకి ఆయిల్ అందుతుంది. అంటే ఆ చిన్న దారిలోంచి ఆయిల్ తనంతట తను లోపలికి రావాలి, పీల్చడమే తప్ప తోసేవాడు ఎవడూ లేడు. ఆయిల్ మరీ చిక్కగా ఉంటే పంపుకి సరిపడా అందదు, గొంతు ఎండినట్టు కూత పెడుతుంది, లిఫ్ట్ నాలుగు విడతలుగా కుదుపుతూ లేస్తుంది. చల్లటి పొద్దున్న లిఫ్ట్ లేవక, పదిన్నరకి ఎండెక్కాక బాగా లేస్తుంటే పంపు మీద అనుమానం పెట్టుకునే ముందు ఆయిల్ చిక్కదనం మీద పెట్టుకోవాలి.

ఇప్పుడు అదే హౌసింగ్‌లో ఉన్న మిగతావాళ్ళ గోల చూడండి. గేర్లకి చిక్కటి ఆయిల్ ఇష్టం, పళ్ళ మధ్య పొర చెదరకుండా నిలబడాలి. పంపుకి పల్చటిది కావాలి. బుష్‌లు, కాంస్యం వాషర్లు ఉన్నచోట గంధకం ఎక్కువున్న ఆయిల్ పడదు. బ్రేకులు కూడా ఆ ఆయిల్లోనే ఉంటే జారకుండా, అరవకుండా పట్టుకునే గుణం ఇంకోటి కావాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకే కూర వండి అందరికీ వడ్డించినట్టు, ఎవరికీ పూర్తిగా నచ్చదు, కానీ ఎవరి కడుపూ చెడకూడదు. ఆ రాజీ ఎక్కడ కుదరాలో తేల్చడమే ఆయిల్ ఎంచుకోవడం అంటే.

మరి అలాంటప్పుడు లిఫ్ట్ ఉన్న హౌసింగ్‌లో 90 గేర్ ఆయిల్ పొయ్యమనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? మెకానిక్‌ల అజ్ఞానం అని కొట్టిపారేస్తే తప్పు. ఫెర్గూసన్, ఫోర్డ్ చేతులు కలిపాక 1939లో 9ఎన్ వచ్చింది, ఇద్దరూ విడిపోయిన తర్వాత ఫోర్డ్ 1947 నుంచి 1952 దాకా 8ఎన్ చేసింది. ఆ 8ఎన్‌లో కూడా గేర్లు, లిఫ్టు కలిసే ఉంటాయి, దాని మాన్యువల్లోనే గడ్డకట్టే చలికాలానికి 80, మిగతా రోజులకి 90 గేర్ ఆయిల్ అని ఉంది. కాబట్టి 90 అనేది పుట్టుకతో వచ్చిన సలహానే. ఆ రోజుల్లో గేర్లనీ పంపునీ కలిపి చూసుకునే ప్రత్యేకమైన ఆయిల్ ఇంకా రాలేదు, ఉన్నవాటిలో గేర్ ఆయిలే నయం అనిపించింది. తర్వాత ఫోర్డ్ వాళ్ళే ఎం2సీ134 అని ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ హైడ్రాలిక్ ఆయిల్‌కి స్పెసిఫికేషన్ తెచ్చారు, ఇప్పుడు ఆ పాత ట్రాక్టర్లు నడిపేవాళ్ళు చాలామంది దానికే మారారు. అంటే పాత మాన్యువల్లో ఉన్నది తప్పు కాదు గానీ, అది ఆనాటి కొట్లో దొరికిన సరుకుని బట్టి రాసిన మాట.

దీని మీదే నంబర్ల గందరగోళం ఒకటి కూర్చుంది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 30, 40 అని ఉంటుంది, గేర్ ఆయిల్ మీద 80, 90, 140 అని ఉంటుంది. రెండింటికీ ముందు ఎస్‌ఏఈ అనే ఉంటుంది కాబట్టి ఒకటే కొలత అనుకుంటారు, కాదు. ఇవి రెండు వేర్వేరు స్కేళ్ళు, ఒకదాంతో ఇంకోటి కలిసి కన్ఫ్యూజ్ అవ్వకూడదనే గేర్ ఆయిల్‌కి పెద్ద నంబర్లు పెట్టారు, అదే ఇప్పుడు కన్ఫ్యూజన్ అయింది. గేర్ 80 ఆయిల్ చిక్కదనం ఇంజిన్ 20కీ 30కీ మధ్య ఎక్కడో ఉంటుంది. గేర్ 90 అంటే ఇంజిన్ 40, 50 ప్రాంతం. 90 అంటే 30కి మూడు రెట్లు చిక్కన అనే లెక్క ఎక్కడా లేదు.

ఇక 68 అనేది మూడో స్కేలు. హైడ్రాలిక్ ఆయిల్ మీద ఉండే ఐఎస్ఓ వీజీ నంబరు అది, 40 డిగ్రీల దగ్గర కొలిస్తే దాని చిక్కదనం సుమారు 68 సెంటీస్టోక్స్, పదో వంతు అటూఇటూ. ఇది మాత్రం నిజంగా కొలిచిన అంకె. ఎస్‌ఏఈ నంబర్లు ఒట్టి పేర్లు, వాటి వెనక వేరే అంకెలున్నాయి. అదే 40 డిగ్రీల దగ్గర మామూలు 90 గేర్ ఆయిల్‌ని కొలిస్తే దాదాపు 200 దాకా వస్తుంది. కాబట్టి "68కి 90కి ఎంత తేడా, 22 యేగా" అనుకున్నవాడు నిజానికి మూడు రెట్ల దగ్గర తేడా ఉన్న రెండు ఆయిళ్ళని ఒకటే అనుకుంటున్నాడు.

బెంగళూరు వాతావరణాన్ని ఈ లెక్కలో పెడితే ఇంకా బాగా అర్థమవుతుంది. డిసెంబర్ పొద్దున్న 15 డిగ్రీలు ఉన్నప్పుడు అదే 90 ఆయిల్ చిక్కదనం 1000 దాటేస్తుంది, అంటే 40 డిగ్రీల దగ్గర ఉన్నదానికి ఐదు రెట్లకి పైన. ట్రాక్టర్ల కోసం వచ్చే 10డబ్ల్యూ-30 యూటీటీఓ అదే 15 డిగ్రీల దగ్గర 200 చిల్లర ఉంటుంది. వేరేలా చెప్పాలంటే దేవనహళ్ళి చలిలో యూటీటీఓ ఎంత చిక్కగా ఉంటుందో, చెన్నై ఎండలో 90 ఆయిల్ అంత చిక్కగా ఉంటుంది. ఇదే ట్రాక్టర్ నెల్లూరులోనో చెన్నై బయటి ఊళ్ళోనో ఉన్నప్పుడు 90తో ఏ ఇబ్బందీ లేకుండా లిఫ్ట్ లేచింది, ఇక్కడికొచ్చాక ఏమైందో అని తల పట్టుకునేవాళ్ళకి సగం జవాబు ఇదే. పంపు మారలేదు, ఊరు మారింది.

యూటీటీఓ అంటే యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్. గేరు, పంపు, వెనక యాక్సిలు, ఆయిల్ బ్రేకులు, నాలుగూ ఒకే దాంతో నడవడానికి తయారుచేసింది. గేర్ల విషయంలో సాధారణంగా జీఎల్-4 (జీఎల్ అంటే ఏ గేర్లకి ఏ ఆయిల్ అని చెప్పే గుర్తు) స్థాయి రక్షణ ఇస్తుంది, చిక్కదనం గేర్ 80 దగ్గర ఉంటుంది. దీన్ని వేలికి రాసుకుని చూసి "నీళ్ళలా ఉంది, గేర్లు అరిగిపోతాయి" అని భయపడతారు గానీ, గేర్లని కాపాడేది చిక్కదనం ఒక్కటే కాదు, అందులో కలిపిన మందులు కూడా. దీనికి అన్న ఒకడున్నాడు, ఎస్‌టీఓయూ అని, అది ఇంజిన్లో కూడా పొయ్యొచ్చు. ఇంట్లో నాలుగు రకాల బండ్లు, ఒకటే బ్యారెల్ పెట్టుకునే పెద్ద రైతుకి అది బాగుంటుంది. ఒకే ట్రాక్టర్ ఉన్నవాడికి దానివల్ల ఒరిగేదేం లేదు.

బ్రేకుల సంగతికొస్తే, పాత ట్రాక్టర్లలో ఎక్కువభాగం పొడి బ్రేకులే, ఆయిల్‌కి తగలవు. ఆయిల్లో మునిగిన బ్రేకులున్నవాటికి మాత్రం ఘర్షణని సరిచేసే మందు ఉన్న ఆయిల్ తప్పనిసరి, మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు వేసినప్పుడల్లా గేదె అరిచినట్టు అరుస్తుంది. ఇక్కడొక పిట్టకథ. ఈ గుణం కోసం ఒకప్పుడు అమెరికాలో జాన్ డీర్ వాళ్ళ 303 అనే ఆయిల్లో తిమింగలం నూనె కలిపేవాళ్ళు, స్పెర్మ్ వేల్ అనే రకానిది. ఆ తిమింగలాలు అంతరించిపోతున్నాయని 1970ల మొదట్లో ఆ నూనె వాడకం ఆగిపోయింది, స్పెసిఫికేషన్ కూడా మూలపడింది. కానీ 303 అనే పేరు మాత్రం చావలేదు, దశాబ్దాల తర్వాత కూడా పసుపు బకెట్ల మీద ఆ నంబరు వేసి నాసిరకం ఆయిల్ అమ్మితే మిస్సోరీ, జార్జియా లాంటి రాష్ట్రాలు అమ్మకం ఆపించాయి. మన దగ్గర బకెట్ మీద పెద్ద ట్రాక్టర్ బొమ్మ వేసి "ఆల్ ట్రాక్టర్స్" అని రాసి, వెనక్కి తిప్పి చూస్తే ఒక్క స్పెసిఫికేషన్ కూడా లేని సరుకు కనిపిస్తే ఈ కథ గుర్తుపెట్టుకోవచ్చు. బొమ్మ ఎంత పెద్దదైతే వెనక రాత అంత చిన్నదని ఒక లెక్క.

జీఎల్-4, జీఎల్-5 గొడవ ఇంకోటి. 5 పెద్దది కాబట్టి 4 కన్నా మంచిదని కొనేస్తారు, షాపువాళ్ళు కూడా "ఇది ఇంకా హై క్వాలిటీ సార్" అంటారు. ఇది పదో క్లాసు, తొమ్మిదో క్లాసు లాంటి వ్యవహారం కాదు, ఏ గేర్‌కి అనేదే తేడా. జీఎల్-5 ముఖ్యంగా హైపాయిడ్ గేర్ల కోసం, అంటే కార్లు, లారీల డిఫరెన్షియల్లో పినియన్ క్రౌన్ మధ్యకి కాకుండా కిందకి దిగి కూర్చుంటుంది చూడండి, అక్కడ పళ్ళు ఒకదాని మీద ఒకటి గట్టిగా రాసుకుంటూ జారతాయి, దానికి గంధకం, ఫాస్ఫరస్ మందులు దండిగా కావాలి. టీఈ20, 8ఎన్ లాంటి వాటిలో ఉన్నది స్పైరల్ బెవెల్, అంటే పినియన్ క్రౌన్ మధ్యకే ఉండే రకం, అంత జారుడు లేదు, జీఎల్-4 చాలు. ఎక్కువైతే నష్టమేంటంటే, ఆ గంధకం వేడి మీద రాగి, ఇత్తడి, కాంస్యం పార్టుల్ని తినే అవకాశం ఉంది. ఇప్పటి మంచి జీఎల్-5 ఆయిళ్ళలో దాన్ని అణిచే మందులు కూడా కలుపుతారు, రాగి రేకుని వేడి ఆయిల్లో ముంచి చూసే టెస్టు కూడా ఉంది, కాబట్టి పోసిన మర్నాడే బుష్‌లు కరిగిపోతాయని చెప్పేది అతి. అయినా అవసరం లేని మందు పాత ఒంటికి ఎందుకు ఎక్కించాలి? 1917 నుంచి వచ్చిన మొదటి ఫోర్డ్‌సన్ లాంటివాటిలో వెనక యాక్సిల్లో వర్మ్ గేరు, దానికి కాంస్యం చక్రం ఉంటుంది, అలాంటి దానికి మాత్రం జీఎల్-5 దగ్గరికి కూడా రానివ్వకూడదు. ఇండియన్ ఆయిల్ వాళ్ళ సర్వో గేర్ హెచ్‌పీ 90 లాంటి జీఎల్-4 సరుకు మామూలుగా దొరికేదే, కాబట్టి వెతుక్కునే శ్రమ కూడా లేదు, డబ్బా వెనక్కి తిప్పి చదివే శ్రమే.

ఇక 68. సర్వో సిస్టమ్ 68 లాంటి హైడ్రాలిక్ ఆయిల్ చాలా మంచి సరుకే, ప్రెస్సుల్లో, జేసీబీల్లో, బిల్డింగ్ లిఫ్టుల్లో. దాన్ని గేర్లు కూడా ఉన్న ఉమ్మడి హౌసింగ్‌లో పోస్తేనే తంటా. లిఫ్ట్ మొదటిరోజే అద్భుతంగా లేస్తుంది, అందరూ శభాష్ అంటారు. క్రౌన్ పినియన్ మాత్రం ఏమీ అనదు. అది మాట్లాడటం మొదలుపెట్టేసరికి, అంటే లోడు మీద ఊళ పెట్టేసరికి, పళ్ళ మీద గుంటలు పడిపోయి ఉంటాయి, ఆ పాత ట్రాక్టర్‌కి క్రౌన్ పినియన్ జత దొరకడం పెళ్ళిసంబంధం దొరకడం కన్నా కష్టం. 68 కరెక్టయ్యేది లిఫ్ట్‌కి సొంత ట్యాంకు ఉండి, గేర్లతో ఏ సంబంధమూ లేనప్పుడు, మాన్యువల్ కూడా ఒప్పుకున్నప్పుడు. లోడర్ కోసం తర్వాత విడిగా పంపు, ట్యాంకు బిగించుకున్నా అంతే.

విడివిడిగా ఉన్న డిజైన్లు కూడా తక్కువేం కాదు. ఫోర్డ్ 3000 వరసలో మామూలు 8 గేర్ల మోడల్‌కి ముందు గేర్ బాక్సుకి ఒక ఆయిల్, వెనక యాక్సిలూ లిఫ్టూ కలిపి ఇంకో ఆయిల్. ఎస్కార్ట్స్ ద్వారా ఇక్కడ తిరిగిన 3600 కూడా ఆ వంశమే. ఇలాంటి దానికి గేర్ బాక్సులో జీఎల్-4 గేర్ ఆయిల్ పోసి, వెనక భాగంలో ఫోర్డ్ ఎం2సీ134 స్పెసిఫికేషన్ ఉన్న ట్రాక్టర్ ఆయిల్ పోసుకుంటే ఎవరి కూర వాళ్ళకి వడ్డించినట్టే, రాజీ సగం తగ్గుతుంది. కొన్న పాత బండిలో మధ్య సీల్ పోయి రెండు ఆయిళ్ళూ కలిసిపోయి ఉండొచ్చు, ఒకవైపు లెవల్ పెరుగుతూ ఇంకోవైపు తగ్గుతుంటే అదే గుర్తు, ఇక అప్పుడు ఏ ఆయిల్ అనే చర్చ సీల్ మార్చాకే. హెచ్ఎంటీ బెంగళూరు కంపెనీ కాబట్టి ఇక్కడ దాని మీద మమకారం ఎక్కువ, జెటోర్ వాళ్ళతో కలిసి 1971లో పింజోర్‌లో ట్రాక్టర్లు మొదలుపెట్టింది, ఆ యూనిట్ మూతపడటానికి 2016లో నిర్ణయం అయిపోయింది. పాత హెచ్ఎంటీ ఉన్నవాళ్ళు మోడల్ నంబరు చెప్పి వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించుకోవడం ఉత్తమం, మాసీ లెక్కలు దానికి అతికించొద్దు.

నీళ్ళ గురించి చెప్పకుండా ఈ విషయం తేలదు. మన ట్రాక్టర్లు దమ్ము చేసిన ట్రాక్టర్లు. కేజ్‌వీల్స్ వేసుకుని మోకాలి లోతు బురదలో వారాల తరబడి తిరిగిన బండికి యాక్సిల్ సీళ్ళలోంచి నీళ్ళు లోపలికి రాకపోతేనే ఆశ్చర్యం. గేర్ లివర్ కింద రబ్బరు బూటు చిరిగితే వాన నీళ్ళకి అదే తలుపు. తోటలో నెలకోసారి ఫొటో కోసం స్టార్ట్ చేసే ట్రాక్టర్‌కి ఇంకో రకం బాధ, రాత్రి చల్లబడి పగలు వేడెక్కి హౌసింగ్ లోపల చెమ్మ పడుతుంది, బండి ఎప్పుడూ సరిగ్గా వేడెక్కదు కాబట్టి ఆ చెమ్మ ఆవిరైపోదు. ఆయిల్ పాల టీ రంగులోకి వచ్చిందంటే నీళ్ళు కలిసినట్టే. అనుమానంగా ఉంటే కాల్చిన పెనం మీద ఒక చుక్క వేస్తే చాలు, చిటపటలాడితే నీళ్ళున్నట్టు. (ఇంట్లో దోసెల పెనం మీద మాత్రం చెయ్యొద్దు, ఆ పరిణామాలకి ఏ ఆయిలూ పనికిరాదు.)

ఇక్కడ ఆయిల్ రకానికీ నీళ్ళకీ ఒక లింకుంది. మామూలు మినరల్ గేర్ ఆయిల్లో నీళ్ళు చాలావరకు విడిపోయి అడుక్కి దిగుతాయి, బండిని రెండు రోజులు కదపకుండా ఉంచి డ్రైన్ ప్లగ్ కొంచెం వదులు చేస్తే ముందు నీళ్ళే వస్తాయి. కొంతమంది ఇంజిన్ ఆయిల్ 30 పోస్తారు, చిక్కదనం లెక్కలో అది గేర్ 80కి దగ్గరే కాబట్టి లిఫ్ట్ బానే పనిచేస్తుంది, కానీ ఇప్పటి ఇంజిన్ ఆయిల్లో మసిని పట్టి తేల్చి ఉంచే మందులుంటాయి, అవి నీళ్ళని కూడా అలాగే పట్టుకుని తేల్చి ఉంచుతాయి. అడుక్కి దిగని నీళ్ళు పంపు దాకా వెళ్తాయి, వాల్వ్‌ల మీద తుప్పు పట్టిస్తాయి. యూటీటీఓ కూడా కొంచెం చెమ్మని తనలో కలుపుకుంటుంది, ఎక్కువైతే తెల్లబడిపోతుంది. కాబట్టి ఇంకా దమ్ముకి దిగే ట్రాక్టర్ అయితే సీజన్ అయ్యాక ఆయిల్ మార్చేయడమే, గంటలు పూర్తి కాలేదని లెక్కలు చూసుకోకూడదు. బాగా నీళ్ళు పట్టే బండికి మరీ ఖరీదైన ఆయిల్ పోసి మూడేళ్ళు ఉంచడం కన్నా మామూలు ఆయిల్ పోసి ఏటా మార్చడం మేలు.

లిఫ్ట్ దిగిపోతోందని ఆయిల్ చిక్కన చేసే వైద్యం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊళ్ళలో 90కి, ఇంకా ముదిరితే 140కి కూడా, అసలు గిరాకీ ఇక్కడి నుంచే. కల్టివేటర్ లేపి ఇంజిన్ ఆపితే ఐదు నిమిషాల్లో నేల మీదకి వచ్చేస్తోంది, చిక్కటి ఆయిల్ పోస్తే అరగంట నిలబడుతోంది, ఇంకేం, సమస్య తీరింది అనుకుంటారు. తీరలేదు, లీకయ్యే సందు అలాగే ఉంది, అందులోంచి ఆయిల్ నెమ్మదిగా కారుతోంది అంతే. లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ రింగో సీలో అరిగుంటుంది, లేదా పంపు నుంచి సిలిండర్‌కి వెళ్ళే పైపు దగ్గర ఓ-రింగ్ గట్టిపడి ఉంటుంది, లేదా కంట్రోల్ వాల్వే అరిగుంటుంది. ఓ-రింగ్ ఖర్చు ఎంత, దాని కోసం 25, 30 లీటర్ల ఆయిల్ మొత్తం చిక్కన చేసి పంపుని పస్తులుంచడం ఎంత. నిజమే, ఓ-రింగ్ చౌకే గానీ లిఫ్ట్ కవర్ ఎత్తాలి, ఇద్దరు మనుషులో చైన్ పుల్లీయో కావాలి, రోజు పోతుంది, అందుకే మెకానిక్ కూడా 140 వైపే మొగ్గుతాడు, ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేం.

దీనికి తిరగేసిన సమస్య ఇంకోటి. చాలా ఏళ్ళు 90 మీద నడిచిన బండికి యూటీటీఓ పొయ్యగానే అక్కడా ఇక్కడా కారడం మొదలవుతుంది, "కొత్త ఆయిల్ సీళ్ళు తినేసింది" అంటారు. సాధారణంగా జరిగేదేంటంటే సీళ్ళు ముందే పోయాయి, చిక్కటి ఆయిలూ గట్టిపడిన మురికీ కలిసి సందులు మూసి ఉంచాయి. పల్చటి ఆయిల్ వచ్చి, అందులో ఉన్న మందులు ఆ మురికిని కడిగేసరికి అసలు రంగు బయటపడింది. పొడి డ్రమ్ బ్రేకులున్న మాసీల్లో ఇది ప్రమాదం కూడా, యాక్సిల్ సీల్ దాటిన ఆయిల్ నేరుగా బ్రేక్ లైనర్ మీద పడుతుంది. కాబట్టి మార్చాలనుకుంటే సీళ్ళు ముందు, ఆయిల్ తర్వాత. సీళ్ళు మార్చే ఓపిక ఇప్పుడు లేదనుకుంటే, బండి వెచ్చటి ఊళ్ళో ఉండి లిఫ్ట్ బాగానే లేస్తుంటే, జీఎల్-4 80 లేదా 80డబ్ల్యూ-90తో ఇంకో రెండేళ్ళు నడిపించుకోవడం పెద్ద పాపమేం కాదు.

ఏ ఆయిల్ అయినా సరే మార్చే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. బండిని అరగంట నడిపి, లిఫ్ట్ పదిసార్లు లేపి దించి, వెచ్చగా ఉన్నప్పుడే పాత ఆయిల్ దించాలి. డ్రైన్ ప్లగ్ ఒకటే అనుకోవద్దు, గేర్ బాక్సు కింద ఒకటి, మధ్యలో ఒకటి, వెనక ఒకటి ఉండొచ్చు, ఒక్కటి విప్పి వదిలేస్తే పాత ఆయిల్ చాలావరకు లోపలే ఉండిపోతుంది. పంపు దగ్గర జల్లెడ తీసి కడగాలి, చాలా పాతవాటిలో ఫిల్టర్ అంటూ వేరే ఉండదు, ఆ జల్లెడే దిక్కు. లోపల డీజిల్ పోసి బండి నడిపి కడిగే అలవాటు మానుకోవాలి, మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది, అదీగాక డీజిల్ మీద తిరిగిన గేర్ పళ్ళకి ఆ కాసేపూ రక్షణే లేదు. దానికి బదులు పోయబోయే రకంలోనే చవకది పోసి ఓ 20 గంటలు నడిపి దించేస్తే శుభ్రంగా కడుగుతుంది, ఆ దించిన ఆయిల్లో అయస్కాంతం తిప్పి చూస్తే లోపలి ఆరోగ్యం కూడా తెలుస్తుంది. సన్న బూడిద రంగు పేస్టు మామూలే. పలుకులు తగిలితే ఆలోచించాలి, బంగారం రంగు పొడి కనిపిస్తే (అది అయస్కాంతానికి అంటదు, గుడ్డలో వడకట్టి చూడాలి) బుష్‌ల సంగతి చూడాలి.

టిప్పింగ్ ట్రాలీ (హైడ్రాలిక్ జాకీతో పైకి లేచి సరుకు దించేది) ఉన్నవాళ్ళకి ఒక మాట. ట్రాక్టర్ లిఫ్ట్ నుంచి పైపు తీసి ట్రాలీ జాకీకి ఇస్తే ఆ జాకీలో ఉన్న ఆయిల్, అందులోని మట్టి, నీళ్ళు అన్నీ ఈ హౌసింగ్‌లోకే తిరిగొస్తాయి. పక్కవాడి ట్రాలీ ఒక్కరోజు తగిలిస్తే పక్కవాడి ఆయిల్ కూడా వచ్చినట్టే, అతను 68 వాడుతుంటే మీ లెక్క మారిపోతుంది. జాకీ పూర్తిగా లేచినప్పుడు హౌసింగ్‌లో లెవల్ లీటర్ల కొద్దీ పడిపోతుంది కూడా, అప్పుడు పంపు గాలి పీల్చి నురుగు కక్కుతుంది. అందుకే డిప్‌స్టిక్ చూసేటప్పుడు బండి సమతలం మీద ఉండాలి, ట్రాలీ కిందకి దించి, లిఫ్ట్ చేతులు పూర్తిగా కిందకి వదిలి, ఇంజిన్ ఆపి ఓ పావుగంట ఆగి చూడాలి. లిఫ్ట్ పైనుండగా చూసి తక్కువుందని పోస్తే, దించినప్పుడు ఆ ఎక్కువైనదంతా యాక్సిల్ సీళ్ళ మీద పడుతుంది.